బాలింతకూ పసిబిడ్డకూ పనికొచ్చే కానుకలు ఎంచుకోవడం ఎలా

ప్రసవమైన ఇంటికి బయలుదేరేటప్పుడు మనలో చాలామంది దారిలో కనిపించిన దుకాణంలో ఒక గౌనో, సబ్బు, నూనె, పౌడరు కలిపి పెట్టిన ఒక డబ్బానో కొనుక్కుని వెళ్తాం. బారసాల అయ్యేసరికి ఆ ఇంట్లో అలాంటి డబ్బాలు అరడజను పోగవుతాయి. బాలింతకు నిజంగా అవసరమైనవి మాత్రం ఇంట్లోవాళ్లే వేళగాని వేళ వెతికి కొనుక్కోవలసి వస్తుంది. అందుకే కొనేముందు ఒక్క విషయం ఆలోచించాలి: ఈ వస్తువు వచ్చే నెలా రెండు నెలల్లో ఆ తల్లికి పని తగ్గిస్తుందా, పెంచుతుందా?

ముందుగా ఆమె ఎక్కడ ఉందో, అక్కడ ఎంతకాలం ఉంటుందో తెలుసుకోండి. మన ఇళ్లలో తొలి కాన్పు ఎక్కువగా పుట్టింట్లోనే జరుగుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి ప్రయాణం ఉంటుంది. బస్సులోనో రైల్లోనో వెళ్లే ఆ సామానులో పెద్ద తొట్టె ఉయ్యాల, తోపుడు బండి పట్టవు. అలాంటి పెద్ద వస్తువు ఇవ్వాలనుకుంటే అత్తవారింటికి చేరాక అక్కడికే పంపడం మేలు. ఆమె అమ్మగారికో అక్కకో ఫోన్ చేసి ఇప్పటికే ఏమేమి వచ్చాయో అడగడంలో మొహమాటం అక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే అక్కడ కిట్ ఇచ్చారేమో కూడా అడగండి. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, పౌడరు, దోమతెర ఉన్న పరుపు, బిడ్డ బట్టలతో పాటు తల్లికి చీరలు కూడా పెట్టారు. అటువంటి కిట్ అందిన ఇంటికి మళ్లీ అవే తీసుకెళ్తే అటక ఎక్కుతాయి.

బట్టల విషయంలో అందం చూసి మోసపోవడం సులువు. మెడ నిలవని బిడ్డకు తలమీదుగా తొడిగే బట్ట వేయడం తల్లికి పెద్ద పరీక్ష. ముందువైపు తాళ్లతో ముడివేసే మెత్తని నూలు జబ్లాలే తొలి నెలల్లో పనికొస్తాయి. కొనేటప్పుడు బట్టను లోపలివైపు తిప్పి వేలితో తడిమి చూడండి. కుట్లు గరుకుగా ఉన్నా, మెడ దగ్గర గట్టి లేబుల్ ఉన్నా, నెట్, జరీ, పూసలు, వదులు గుండీలు ఉన్నా పక్కన పెట్టేయండి. ఇక కొలత సంగతి. అప్పుడే పుట్టిన బిడ్డ కొలతకు తెచ్చిన జత నెల తిరిగేసరికి బిగుతవుతుంది, పైగా అందరూ తెచ్చేది ఆ కొలతే. మీరు మూడు నుంచి ఆరు నెలల కొలతో, ఆరు నుంచి తొమ్మిది నెలల కొలతో తీసుకోండి. అయితే బిడ్డకు ఆ వయసు వచ్చేనాటికి ఏ కాలం ఉంటుందో లెక్క వేసుకోవాలి. దసరాకు పుట్టిన బిడ్డకు ఆరో నెల వచ్చేది ఎండల్లో, అప్పటికి ఉన్ని చొక్కా ఎందుకూ పనికిరాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే కానుక పొత్తిగుడ్డలు. మొదటి వారం దాటాక, పాలు చాలుతున్న బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంది. విరేచనాలు వేరే ఉంటాయి. వానాకాలంలో ఉతికిన గుడ్డ పూటకు ఆరదు కాబట్టి ఇంట్లో రెండు డజన్లు ఉన్నా చాలవు. అనేకసార్లు ఉతికి మెత్తబడిన నూలు చీరనో పంచెనో చదరపు ముక్కలుగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టించి, వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి ఇచ్చి చూడండి. ఆ ఇంట్లో పెద్దావిడ ముఖం వెలిగిపోతుంది. కొత్త బట్టకు ఆ మెత్తదనం రాదు. పాత బట్ట ఇవ్వడం నామోషీ అనిపిస్తే మల్లుగుడ్డ కొని కుట్టించండి, లేదా రాత్రిపూట వాడుకోవడానికి ఒక ప్యాకెట్ డైపర్లు ఇవ్వండి. వీటితో పాటు మంచం మీద పరిచే తడి దిగని షీటు ఒకటి, బిడ్డ మీద కప్పే గొడుగు దోమతెర ఒకటి ఉంటే తల్లికి కాస్త నిద్ర దొరుకుతుంది.

చూడటానికి వచ్చినవాళ్లంతా బిడ్డ చేతిలో ఏదో ఒకటి పెడతారు. పక్కన పడుకున్న తల్లికి ఇచ్చేవాళ్లు తక్కువ. ఆమెకు ముందువైపు జిప్పు ఉన్న నూలు నైటీలు రెండు మూడు, కాన్పు తర్వాత వాడే పెద్ద ప్యాడ్లు, పక్కమీది నుంచే అందుకోగల వేడినీళ్ల ఫ్లాస్కు, పాలిచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకునే దిండు బాగా అక్కరకొస్తాయి. సిజేరియన్ అయినవాళ్లకు బిగుతు నాడాలు ఉన్న బట్టలు కుట్ల మీద ఒరుసుకుంటాయి కాబట్టి వదులుగా ఉన్నవే ఎంచండి.

తిండి పట్టుకెళ్లడం అంతకన్నా మంచిది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు సుమారు 600 కిలో కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించిన ప్రమాణాలు చెబుతున్నాయి. పథ్యం పేరుతో కారప్పొడీ అన్నంతోనే సరిపెట్టే ఇళ్లలో ఈ లోటు తీరదు. మినప సున్నుండలు, నువ్వుల ఉండలు, వెల్లుల్లి కారం, శొంఠిపొడి వంటివి తడి తగలకుండా స్టీలు డబ్బాలో పెట్టి ఇవ్వండి. ఏది పెడతారో, ఏది పెట్టరో ముందే ఇంటి పెద్దలను అడగండి. తల్లికి మధుమేహం ఉంటే తీపి ఉండలు వద్దు, వేయించిన పల్లీలు, పప్పులు ఇవ్వవచ్చు. బాలింత భోజనంతో పాటు ఆమెను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఒక పూట కూరా పప్పూ పంపగలిగితే ఆ రోజు ఆ వంటింటికి విశ్రాంతి.

ఎంత ప్రేమ ఉన్నా ఇవ్వకూడనివి కొన్ని ఉన్నాయి. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలే చాలు, నీళ్లు కూడా అక్కరలేదు. తేనె ఏడాది నిండేవరకు నాకించకూడదు, దానిలో ఉండగల, బొట్యులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు పసిపేగుల్లో విషాన్ని పుట్టించగలవు. పాలపొడి, పాలసీసాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది. అవసరమని డాక్టరు చెబితే తప్ప వాటిని కానుకగా ఇవ్వకండి. పౌడరు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుకలో సీసం ఉండవచ్చు. ఆవాల దిండు, మెత్తటి బొమ్మలు పసిబిడ్డ పక్కలో ఉంటే ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ఉంది. చక్రాల వాకర్ల వల్ల పిల్లలు మెట్ల మీద నుంచి పడుతున్నారని కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

ఉద్యోగం చేసే తల్లికి పాలు పిండే పంపు మంచి కానుక. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ తర్వాత తొలి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఉంది. సెలవు ముగిసేముందే పంపు చేతికి వస్తే ఆమెకు అలవాటు చేసుకునే వ్యవధి దొరుకుతుంది. పిండిన పాలను మన వేడికి బయట ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, నాలుగు రోజుల్లోపు వాడాలి. అమెరికాలో ఉన్నవారికైతే కారు సీటు తప్పనిసరి, బిడ్డను ఇంటికి తెచ్చే రోజు నుంచే అది కావాలి. ఎవరో వాడిన పాతది కాక కొత్తదే ఇవ్వండి.

వెండి ఉగ్గుగిన్నె ఇవ్వడం మన ఆనవాయితీ. దాని కొమ్ములో పాలు నిలిచిపోకుండా లోపల నునుపుగా, అతుకులు లేకుండా ఉన్నది చూసుకోండి. ఊడిపోయే మువ్వలున్న మురుగులు, ఉంగరాలు బిడ్డ నోట్లోకి వెళ్తాయి. వాటి బదులు ఆడబిడ్డ అయితే సుకన్య సమృద్ధి ఖాతా తెరవమని డబ్బు ఇవ్వవచ్చు. 2015లో మొదలైన ఈ పథకంలో జనన ధ్రువపత్రంతో పోస్టాఫీసులో తల్లిదండ్రులే ఖాతా తెరుస్తారు. ఏడాదికి 250 రూపాయలు వేసినా ఖాతా నడుస్తుంది, తెరిచిన 21 ఏళ్లకు గడువు తీరుతుంది.

కానుక ఏదైనా బిల్లు జతచేసి ఇవ్వండి, కొలత సరిపోకపోతే వాళ్లు మార్చుకోగలుగుతారు. వెళ్లేముందు బాలింత ఏ వేళకు మేలుకుని ఉంటుందో కనుక్కోండి. జలుబు, దగ్గు ఉంటే కానుకను ఎవరిచేతనైనా పంపి, మీరు తగ్గాకే వెళ్లండి.