ఆకులు రాలాక, మంచు కురవకముందు

రంగుల ఆకుల కోసం వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. మంచులో ఆడుకోవడానికి వచ్చేవాళ్ళు ఇంకా రాలేదు. నవంబరు రెండో వారం నుంచి డిసెంబరు సగం దాకా ఉండే ఈ నాలుగైదు వారాలంటే నాకు ప్రాణం. నాలుగు ఋతువుల లెక్కలో ఈ రోజులకు విడిగా పేరు లేదు. మన ఆరు ఋతువుల లెక్కలో మాత్రం చక్కటి పేరుంది, హేమంతం. పన్నెండేళ్ళుగా ఈ రోజుల్లో దాదాపు ప్రతి ఆదివారం అడవి బాటల్లో నడుస్తున్నాను, ఎక్కువగా మా చిన్నమ్మాయితో. చలిదేశాల్లో ఉంటూ ఈ వారాలన్నీ ఇంట్లోనే గడిపేసేవాళ్ళు ఒక్కసారైనా బయటికి రావాలన్నది నా కోరిక. ఎలా రావాలో నాకు తెలిసినంత చెబుతాను.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది సూర్యాస్తమయం. వాన పడుతుందా, ఎంత చలి అన్నది ఆ తర్వాత. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర సెప్టెంబరు చివర్లో 12 గంటలుండే పగలు డిసెంబరు 21 నాటికి 8 గంటల 45 నిమిషాలకు పడిపోతుంది. ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వచ్చినా, అన్ని రోజులకన్నా తొందరగా సూర్యుడు అస్తమించేది ఆ రోజు కాదు. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర అది డిసెంబరు మొదటి వారం చివర్లోనే వస్తుంది. అంటే సాయంత్రాలు మరీ కురచగా ఉండేది సరిగ్గా మనం నడిచే ఈ రోజుల్లోనే. దానికి తోడు కొన్ని దేశాల్లో అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మన ఒంటికి ఆ సంగతి అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుంది.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్పాలి. అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నవంబరు చివర్లో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. అక్టోబరులో మూడు గంటల్లో తిరిగొచ్చిన బాటే. సూర్యాస్తమయం నాలుగున్నరకని ఫోన్‌లో ఉంది, నేను చూడలేదు. నాలుగు దాటేసరికి చెట్ల మధ్య నీడలు కలిసిపోయాయి. రాలిన ఆకులు బాటనీ పక్క నేలనీ ఒకటి చేసేశాయి. ఎక్కడ అడుగేసినా ఒకేలా ఉంది. ఫోన్ లైటు వేశాను. 40 శాతం ఛార్జింగ్ ఉన్న ఫోన్ చలికి పది నిమిషాల్లో ఆగిపోయింది. వచ్చేటప్పుడు వాగు కుడిపక్కన ఉండింది కాబట్టి వెళ్ళేటప్పుడు దాని చప్పుడు ఎడమ చెవికి వినిపించాలి. ఆ ఒక్క గుర్తుతో, పాప చెయ్యి పట్టుకుని, గంటంపావు నడిచి బయటపడ్డాం. పాప ఏడవలేదు. నా చేతిని మాత్రం ఒక్క క్షణం వదల్లేదు.

అప్పటి నుంచి నా లెక్క ఇది. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు నేను బండి దగ్గర ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని బయల్దేరతాను. ఉన్న సమయంలో సగం కాకముందే, మూడో వంతు దాటిన కాసేపటికే వెనక్కి తిరుగుతాను. ఎదురుగా ఎంత అందమైన మలుపున్నా సరే. వెనక్కి నడిచేటప్పుడు కాళ్ళు అలసి ఉంటాయి, తడి ఆకుల మీద జాగ్రత్తగా అడుగేయాలి, ఎప్పుడూ అనుకున్నదానికన్నా ఎక్కువసేపే పడుతుంది. బ్యాగులో హెడ్‌ల్యాంప్ ఉండాల్సిందే, పట్టపగలు వెళ్ళినా. దాంట్లో మామూలు ఆల్కలైన్ బ్యాటరీల బదులు లిథియం బ్యాటరీలు వేయండి, చలిలో అవి బాగా నిలుస్తాయి. ఫోన్‌ని బ్యాగు పైజేబులో పెట్టకండి. చొక్కా లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట ఉంచండి.

బట్టల విషయానికొస్తే, గడ్డకట్టే చలి కన్నా నాలుగైదు డిగ్రీల చలిలో పడే సన్నజల్లే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మంచు పొడిగా ఉంటే దులిపేసుకోవచ్చు, వాన లోపలికి ఇంకుతుంది. నీళ్ళు ఒంట్లో వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు త్వరగా లాగేస్తాయి. అందుకే ఈ రోజుల్లో కాటన్ వద్దంటాను. జీన్స్ అసలే వద్దు. తడిస్తే బరువెక్కి ఒంటికి అంటుకుపోయి సాయంత్రం దాకా ఆరవు. ఒంటికి ఆనేలా పల్చటి ఉన్నిదో సింథటిక్‌దో ఒకటి, దానిమీద ఫ్లీసు, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. అప్పుడే వెచ్చగా ఉందంటే పావుగంటలో చెమట పడుతుంది, ఆగిన చోట ఆ చెమటే వణికిస్తుంది. ఎక్కుడు మొదలవకముందే ఒక పొర తీసేయండి, ఆగగానే మళ్ళీ వేసుకోండి. బద్ధకించకుండా ఈ ఒక్క పని చేస్తే సగం బాధ తప్పుతుంది. ఇంకో జత సాక్సులు, ఇంకో జత గ్లవ్స్, ఫ్లాస్కులో వేడినీళ్ళు. పక్కవాళ్ళ మాట ముద్దగా వస్తున్నా, జిప్పు పెట్టుకోలేక వేళ్ళు తడబడుతున్నా, ఊరికే తూలుతున్నా అది అలసట అనుకోకండి. ఒంటి వేడి పడిపోతోందని అర్థం. తడి బట్టలు మార్చి, గాలి తగలనిచోట కూర్చోబెట్టి, వెచ్చగా కప్పండి.

ఇంత జాగ్రత్తపడి వెళ్ళి ఏం చూస్తామంటే, అడవి ఎముకల గూడు చూస్తాం. వేసవిలో పచ్చటి గోడలా ఉండే చోటే ఇప్పుడు కొండ వంపు కనిపిస్తుంది, అవతల లోయ కనిపిస్తుంది, ఎప్పుడో ఎవరో కట్టి వదిలేసిన రాతిగోడ బయటపడుతుంది. కొమ్మల్లో పిట్టగూళ్ళు కనిపిస్తాయి. వేసవంతా నెత్తిమీదే ఉన్నా మనకు తెలియనివి. మేము ఒక నడకలో పదిహేడు లెక్కపెట్టాం. చూడటమే, ముట్టుకోకూడదు. ఎండ కూడా వేరేగా ఉంటుంది. 45 డిగ్రీల దగ్గర డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు నేలకు 22 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. కాబట్టి రోజంతా వెలుగు ఏటవాలుగానే పడుతుంది, ప్రతి చెట్టు బెరడూ గీత గీతా కనిపిస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఉంటే దక్షిణం వైపు వాలు ఉన్న బాట ఎంచుకోండి. ఎండ అటే ఉంటుంది. ఉత్తరపు వాలు మీద కొన్నిచోట్ల రోజంతా ఎండ పడదు, పొద్దుటి మంచుగడ్డ సాయంత్రం దాకా కరగదు, కాలు జారుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తెల్లవారగానే కనిపిస్తుంది. రాత్రి గాలి గడ్డకట్టేంత చల్లగా ఉండి, నేల మాత్రం ఇంకా అంత చల్లబడకపోతే, మట్టిలోని తడి పైకి పాకి సూదుల్లా గడ్డకడుతుంది. బాట అంచున మోకాళ్ళ మీద కూర్చుని చూడాలి. దువ్వెన పళ్ళలా నిలబడ్డ సన్నటి మంచు సూదులు, ఒక్కొక్కటి వేలిగోరంత పొడవు, ఒక్కో గుత్తి నెత్తిన ఒక చిన్న గులకరాయి, కాస్త మట్టి. రాత్రికి రాత్రి ఆ రాయిని అంత ఎత్తు లేపాయి. మా అమ్మాయి మొదటిసారి చూసి "నాన్నా, నేలకి పళ్ళొచ్చాయి" అంది. ఎండ తగిలితే పది నిమిషాల్లో కూలిపోతాయి. అందుకే ఎనిమిది లోపు అక్కడుండాలి.

మధ్యాహ్నానికి అదే నేల బురదవుతుంది. బురద వచ్చినప్పుడు పక్కనుంచి గడ్డిమీదుగా తప్పుకుని వెళ్ళకండి. అందరూ అలాగే చేస్తే బాట వెడల్పవుతూ పోయి మొక్కలు చస్తాయి. బూట్లు తడిసినా మధ్యలోంచే నడవండి, మరీ లోతుగా ఉంటే వెనక్కి రండి.

ఇంకో రెండు మూడు విషయాలు. చాలా దేశాల్లో ఇది వేట రోజుల కాలం. మీరు వెళ్ళే అడవిలో వేటకు అనుమతి ఉందో, ఏ రోజుల్లో ఉందో ముందే కనుక్కోండి. మెరిసే నారింజ రంగు చొక్కా వేసుకోండి, వెంట కుక్క ఉంటే దానికీ కట్టండి. గోధుమరంగు, తెలుపు వద్దు, దూరానికి జింకలా అనిపిస్తాయి. నల్లకాళ్ళ పిడుదులు ఉండే ప్రాంతమైతే చలి వచ్చింది కదా అని ధీమాగా ఉండకండి. గాలి గడ్డకట్టే స్థాయికి కాస్త పైన ఉంటే చాలు, పెద్ద పిడుదులు తిరుగుతూనే ఉంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూసుకోండి. చెరువు మీద కట్టిన మొదటి పొర గడ్డ మీద మాత్రం అడుగు పెట్టొద్దు, పిల్లల్ని పెట్టనివ్వొద్దు. మనిషి నడవాలంటే కనీసం 10 సెంటీమీటర్ల మందాన గట్టి, తేటగా ఉండే గడ్డ కావాలి. ఈ వారాల్లో అది ఉండదు. ఒడ్డున నిలబడి చిన్న రాయి విసరండి చాలు. పల్చటి గడ్డ మీద రాయి జారుతూ చేసే చప్పుడు పిట్ట కూతలా ఉంటుంది.

సాయంత్రం బండి దగ్గరికి రాగానే ఇంటికి పరుగెత్తకండి. కోటు బిగించుకుని, ఫ్లాస్కులో మిగిలిన నీళ్ళు తాగుతూ చీకటి పడేదాకా ఆగండి. చీకటి తొందరగా పడుతుంది కాబట్టి పిల్లలు నిద్రపోయే వేళ కాకముందే చుక్కలొస్తాయి. నవంబరు చివర్లో సూర్యుడు అటు దిగుతుంటే ఇటు తూర్పున కృత్తికలు లేస్తుంటాయి, చిన్న ద్రాక్షగుత్తిలా. ఇంకా పొద్దుపోయాక మృగశిర. డిసెంబరు 13, 14 రాత్రుల్లో మబ్బు లేకపోతే జెమినిడ్ ఉల్కలు కనిపిస్తాయి. చీకటి ఆకాశం ఉన్నచోట వేడుకలా ఉంటుంది. పోయినేడు బండి బానెట్ వెచ్చదనానికి వీపు ఆనించి పైకి చూస్తూ మా అమ్మాయి ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టింది, ఆ తర్వాత లెక్క ఆపేసి ఊరికే చూస్తూ ఉండిపోయింది.