గాలెలో టెస్టు మ్యాచ్ చూడటానికి వెళ్లడం ఎలా?

శ్రీలంక దక్షిణ తీరంలోని గాలెలో టెస్టు అనగానే మన అభిమానుల్లో చాలామంది, టికెట్ కొనకుండా స్టేడియం పక్కనున్న పాత కోట గోడ ఎక్కి ఐదు రోజులూ ఉచితంగా చూసేయవచ్చని అనుకుంటారు. ఆ మాట నమ్మి వచ్చి, మొదటి రోజు భోజన విరామానికే ఎండకు వాడిపోయి గది దారి పట్టినవారిని నేను వెళ్లిన ప్రతిసారీ చూస్తున్నాను. కోట మీద నుంచి ఆట చూడటం నిజంగా గొప్ప అనుభవమే కానీ, అది ఒక్క పూట పని, ఆ పూటను కూడా ఆలోచించి ఎంచుకోవాలి.

ముందుగా సామాను. పాస్‌పోర్టు, శ్రీలంక రూపాయల్లో కొంత నగదు, వెడల్పు అంచు ఉన్న టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, నీళ్ల సీసా, రెయిన్‌కోటు, వీలైతే బైనాక్యులర్ ఉంటే చాలు. ప్రయాణ అనుమతి నియమాలు మారుతుంటాయి కాబట్టి శ్రీలంక ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) వెబ్‌సైట్ చూసిన తర్వాతే విమానం టికెట్ కొనాలి. అక్కడి సమయం మన సమయమే కనుక గడియారం మార్చే పని లేదు.

రెండవది తేదీలు. మే నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాలు ఈ తీరాన్ని తడుపుతాయి, అక్టోబర్, నవంబర్ నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు పడతాయి. జనవరి నుంచి మార్చి వరకు ఆకాశం తెరిపిగా ఉంటుంది. మ్యాచ్ ఎప్పుడు పెట్టాలన్నది మన చేతిలో లేదు కాబట్టి, తిరుగు ప్రయాణాన్ని మాత్రం ఆరవ రోజుకే పెట్టుకోవాలి. 2010 జులైలో భారత్‌తో జరిగిన టెస్టులో రెండో రోజు ఆట మొత్తం వానకు కొట్టుకుపోయింది. అయినా ఐదో రోజున శ్రీలంక స్పిన్నర్ ముత్తయ్య మురళీధరన్ తన టెస్టు జీవితంలోని చివరి బంతికి ప్రజ్ఞాన్ ఓఝాను ఔట్ చేసి 800వ వికెట్ అందుకున్నాడు. నాలుగో రోజు రాత్రికే బయలుదేరినవారు ఏం పోగొట్టుకున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

కొలంబో నుంచి గాలెకు రైలులోనే వెళ్లాలి. ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సు త్వరగా చేరుస్తుందన్నది నిజమే కానీ, ఆ దారి సముద్రానికి దూరంగా లోపలి వైపు నుంచి పోతుంది. రైలు పట్టాలు చాలా దూరం కెరటాల పక్కనే సాగుతాయి. వెళ్లేటప్పుడు కుడి వైపు కిటికీ దగ్గర కూర్చోండి. కొలంబోలో రైలెక్కే స్టేషన్ పేరు 'ఫోర్ట్', గాలెలో మనం చూడబోయేది మరో కోట. ఈ రెండింటినీ కలిపేసుకుని దారి అడిగి తికమకపడేవారు చాలామంది ఉన్నారు. గాలె స్టేషన్ నుంచి స్టేడియానికి నడిచి వెళ్లవచ్చు, ఆటో అక్కర్లేదు.

మొదటి రోజు తప్పనిసరిగా టికెట్ కొని, పైకప్పు ఉన్న స్టాండ్‌లో కూర్చోవాలి. పిచ్ తీరు, గాలి వాలు, బంతి ఎంత తిరుగుతోందో తెలియాలంటే దగ్గరగా చూడాల్సిందే.

ఇక అసలు చిక్కు అయిన కోట సంగతి. పోర్చుగీసులు మొదలుపెట్టగా డచ్చివారు 17వ శతాబ్దంలో విస్తరించిన ఈ కోట 1988 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. గడియార స్తంభం ఉన్న బురుజు పక్కనున్న ప్రాకారం మీద నిలబడి ఉత్తరానికి చూస్తే మైదానం మొత్తం కనిపిస్తుంది. పిచ్‌కు ఒక కొస కోట వైపు, మరో కొస ఊరి వైపు ఉండటం వల్ల బంతి తిరగడం ఇక్కడి నుంచి కూడా బాగానే తెలుస్తుంది.

ఎప్పుడు ఎక్కాలన్నదే ముఖ్యం. ఆట సాధారణంగా ఉదయం 10 గంటలకు మొదలవుతుంది. ఉదయం నుంచే గోడ మీద చోటు పట్టేవారు చేసేది తప్పు. అక్కడ నీడ దాదాపు ఉండదు. అక్టోబర్ నుంచి మార్చి వరకు సూర్యుడు మీ వీపు వైపున ఉంటాడు కాబట్టి చూపుకు ఇబ్బంది లేకపోయినా, మెడ వెనుక చర్మం మీకు తెలియకుండానే కమిలిపోతుంది. జూన్, జులైలలో అయితే నడి మధ్యాహ్నపు సూర్యుడు ఎత్తున ఉంటూనే ఎదుటి వైపుకు వాలి కళ్లకు తగులుతాడు. అందుకే టీ విరామానికి అరగంట ముందు ఎక్కి చివరి సెషన్ మాత్రమే చూడాలి. అది కూడా రెండో రోజునే చూడాలని నా నియమం. స్పిన్ చెలరేగే నాలుగో రోజు వరకు ఆగుదామనిపిస్తుంది కానీ, 2022లో ఆస్ట్రేలియాతో జరిగిన మొదటి టెస్టు మూడో రోజే ముగిసిపోయింది.

ఎక్కిన తర్వాత అంచు మీద కూర్చోవద్దు, కాళ్లు కిందికి వేలాడదీయవద్దు. చాలాచోట్ల ప్రాకారానికి కమ్మీలు లేవు, గోడ అంచున నేల ఒక్కసారిగా తెగిపోతుంది. వికెట్ పడగానే పక్కవాడు ఎగిరి గంతేస్తాడు, ఆ ఊపుకు మీ కాలు తడబడవచ్చు. వాన వెలిసిన తర్వాత గడ్డి, రాయి రెండూ జారతాయి, రబ్బరు చెప్పులతో అసలు ఎక్కకూడదు. గొడుగు కూడా వద్దు, సముద్రపు గాలికి అది తిరగబడటమే కాకుండా వెనుకవారికి ఆట కనపడదు. పిల్లలు వెంట ఉంటే గడ్డి మీద లోపలి వైపు కూర్చోబెట్టి, మీరే అంచుకూ వారికీ మధ్యన ఉండండి. ఫోటో కోసం వెనక్కి అడుగులు వేయడం అన్నిటికంటే ప్రమాదం. ఒకసారి నా కళ్లెదుటే ఒక కుర్రవాడు అలా వెనక్కి నడుస్తుంటే, పక్కనున్న పెద్దాయన చొక్కా పట్టి లాగడం వల్ల బతికిపోయాడు.

వాన మొదలైతే వెంటనే ప్రాకారం దిగాలి. స్టేడియంలో ఉంటే మాత్రం గదికి వెళ్లిపోవద్దు. ఇక్కడ మైదాన సిబ్బంది పిచ్ ఒక్కటే కాకుండా మైదానమంతా కవర్లు పరుస్తారు కాబట్టి, వాన ఆగాక ఆట అనుకున్న దానికంటే ముందే మొదలవుతుంది. 2022 జూన్ 30 ఉదయం గాలివానకు ఒక తాత్కాలిక స్టాండ్ పైకప్పు కూలినా, మధ్యాహ్నానికి ఆట సాగింది. గాలి బాగా పెరిగితే మాత్రం తాత్కాలిక స్టాండ్ నుంచి లేచి పక్కా కట్టడం కిందికి చేరి, కవర్లు తీసేవరకు అక్కడే వేచి ఉండండి.