గ్రహణం మొర్రి: ఒక్క నమ్మకాన్ని చివరిదాకా పరిశీలించడం ఎలా

ఇంట్లో పెద్దల నుంచి వచ్చిన నమ్మకాలను సొంతంగా తేల్చుకోవాలనుకునేవాళ్ళు చాలామంది "అసలు దేవుడున్నాడా" దగ్గర మొదలుపెడతారు. ఇంట్లో గొడవ తప్ప ఏదీ తేలదు. ఒక్క నమ్మకం తీసుకోండి. దానివల్ల ఎవరైనా మాటలు పడి ఉంటే ముందు దాన్నే తీసుకోండి.

నేను తీసుకున్నది గ్రహణం మొర్రి. మాది కదిరి. పెళ్ళయ్యాక బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాం. 2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం పట్టినప్పుడు నాకు ఐదో నెల. మా అత్తమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టి, నీళ్ళబిందెలో దర్భ వేసి, "కదలకుండా పడుకో తల్లీ" అన్నారు. పడుకున్నంతసేపూ నాకు మా చిన్నమ్మే గుర్తొచ్చింది. ఆమె కొడుకు పై పెదవి చీలి పుట్టాడు. చిన్నప్పుడే ఆపరేషన్ చేయించారు, ఇప్పుడు సన్నటి గీత మాత్రమే కనిపిస్తుంది. కానీ గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చుందని చిన్నమ్మను మాత్రం ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నారు.

ముందు ఆ నమ్మకాన్ని ఒక వాక్యంగా నోట్‌బుక్‌లో రాయండి. "గ్రహణం మంచిది కాదు" అని రాస్తే తేల్చలేరు. "గర్భిణి గ్రహణం పూట ఏదైనా కోస్తే బిడ్డ పెదవి చీలుతుంది" అని రాస్తే తేల్చవచ్చు.

తర్వాత లెక్క వేరు, నియమం వేరు అని గుర్తుపెట్టుకోండి. ఆ రాత్రి గ్రహణం 9:57కి పట్టి 1:26కి విడిచింది. పంచాంగం చెప్పిందీ, ఖగోళ శాస్త్రం చెప్పిందీ దాదాపు ఒకటే. టైమ్ అంత కచ్చితంగా సరిపోయేసరికి, దాని పక్కనున్న నియమం కూడా అంతే నిజమనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. టైమ్ నిజమో కాదో ఆకాశం చూస్తే తెలుస్తుంది. కత్తిపీట సంగతి చూడాల్సింది వేరే చోట.

ఎక్కడంటే, తారీఖుల్లో. మా ఇంట్లో చెప్పే గ్రహణం 1995 అక్టోబరు 24న, దీపావళి రోజుల్లో వచ్చిన సూర్యగ్రహణం. తమ్ముడు పుట్టింది 1996 జనవరిలో. అంటే గ్రహణం నాటికి చిన్నమ్మకు ఏడో నెల. బిడ్డ పై పెదవి ఏర్పడేది గర్భం నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య. ఆ రెండు వైపులూ సరిగా కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాను. ఎంత ఆలస్యమనుకున్నా జూన్ కల్లా తమ్ముడి పెదవి అలా ఏర్పడిపోయింది. అక్టోబరులో ఆమె కోసిన వంకాయకూ దానికీ సంబంధం లేదు. నన్ను చూసే డాక్టరమ్మను అడిగితే, వంశంలో ఉండటం, గర్భానికి ముందే షుగర్ ఉండటం, పొగ తాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు కారణం కావచ్చన్నారు. చాలామందిలో ఫలానా కారణమని చెప్పలేమని కూడా అన్నారు.

ఇంకో పని: కాగితాన్ని నాలుగు గళ్ళు చేయండి. గ్రహణం నియమం తప్పి మొర్రితో పుట్టినవాళ్ళు, తప్పినా బాగా పుట్టినవాళ్ళు, పాటించినా మొర్రితో పుట్టినవాళ్ళు, పాటించి బాగా పుట్టినవాళ్ళు. మన ఇళ్ళలో అందరికీ గుర్తుండేది మొదటి గడి ఒక్కటే. తతిమ్మా మూడు గళ్ళు నింపాలంటే అడగాలి. మా బిల్డింగ్‌లోని ముస్లిం అక్క గ్రహణం పూట ప్రత్యేక నమాజు చేస్తారు, గర్భిణి కత్తి పట్టకూడదన్న మాట వాళ్ళింట్లో లేదు. ఆమె ముగ్గురు పిల్లలూ రెండో గడిలోకి వచ్చారు. నా పాపా బాగానే పుట్టింది. కానీ ఒక్క పాపతో ఏదీ రుజువు కాదు, కాబట్టి దాన్ని సాక్ష్యంగా ఎవరికీ చెప్పను.

నమ్మకంలో నిజం ఉంటే దాన్ని ఉంచుకోండి. సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూస్తే రెటీనా దెబ్బతింటుంది. గర్భిణికైనా, ఎవరికైనా అంతే. చంద్రగ్రహణానికి ఆ భయం లేదు.

ఈ ఊళ్ళో ఇది కొత్త పని కాదు. బసవనగుడి నేషనల్ కాలేజీకి జీవితమంతా ఇచ్చిన హెచ్. నరసింహయ్య గారు, బెంగళూరు యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గా ఉండగా 1976లో మహిమలను పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు.

పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలన్నదే అన్నిటికంటే కష్టం. పండగ రోజు, పదిమందిలో వద్దు. "ఇది తప్పు" అని మొదలుపెట్టకండి, "మీకెవరు చెప్పారు" అని అడగండి. ఆ రాత్రి పదిన్నరకు నాకు దాహమేసి లేచాను. ఈ నియమం మీకెవరు చెప్పారని అడిగితే అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదని, అప్పుడు వాళ్ళత్తగారు గ్రహణాన్నే తప్పుబట్టారని చెప్పారు. కిటికీకి దుప్పటి ఎందుకు కట్టారో అప్పుడు అర్థమైంది. నేను వాదించలేదు. ఆమే లేచి, దర్భ పక్కకు జరిపి, గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చారు.

దేవుడి దగ్గర దీపం ఇప్పటికీ పెడుతున్నాను. దాని గురించి ఇంకా ఏమీ తేల్చుకోలేదు, తొందర కూడా లేదు.

తేలిన సంగతి మాత్రం, ఎవరికి అవసరమో వాళ్ళకు చెప్పాలి. చిన్నమ్మకు ఫోన్ చేసి నెలలన్నీ లెక్కపెట్టి చెప్పాను. అవతల కుక్కర్ విజిల్ వినిపించింది, ఆమె లేవలేదు. "జూన్ కల్లానా?" అంది. అవునన్నాను.

"ఉండు, స్పీకర్ పెడతా. మీ చిన్నాయన ఇక్కడే ఉన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పు."