తక్కువ ఖర్చులో పిల్లికి పచ్చి మాంసం: ఎదురయ్యే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చికెన్ షాపులో "పిల్లికి ఏమైనా ఉంటే వేయన్నా" అని అడిగితే, చెక్కమొద్దు పక్కనున్న టబ్బులోంచి మెడలు, తోలు, కందనకాయలు, కార్జం ముక్కలు ఒక కవర్లో వేసి ఇస్తారు. తెలిసిన షాపయితే డబ్బులు కూడా తీసుకోరు. మన ఊళ్లలో పిల్లులను పచ్చి మాంసానికి అలవాటు చేసేవాళ్లలో చాలామంది ఈ కవరుతోనే మొదలుపెడతారు. పిల్లి పుట్టుకతో మాంసాహారి కాబట్టి ఆలోచనలో తప్పు లేదు. అయితే ఎలుకను పట్టిన పిల్లి కండతోపాటు ఎముక, రక్తం, గుండె, మెదడు అన్నీ తింటుంది, కవర్లో మాత్రం ఆ రోజు ఏది మిగిలితే అదే ఉంటుంది. కింద చెప్పిన సమస్యల్లో ఎక్కువ భాగం ఈ తేడా నుంచి పుట్టినవే. ఖర్చు తగ్గించదలిస్తే బోన్‌లెస్ మానేసి తక్కువ ధర ముక్కలు కొనడంలో తగ్గించుకోవచ్చు గాని, కాల్షియం, టారిన్ (మాంసంలో ఉండే, పిల్లికి తప్పనిసరైన పోషకం) దగ్గర తగ్గించుకోకూడదన్నది నా అనుభవంలో తేలిన మాట.

వాసన చూసి పక్కకు వెళ్లిపోతోంది

చాలాసార్లు కారణం మాంసం చల్లగా ఉండటమే. పిల్లి తిండిని ముక్కుతో ఎంచుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన ముక్కకు దాని లెక్కలో వాసనే ఉండదు. మాంసాన్ని కవరులోనే ఉంచి గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పది నిమిషాలు పెడితే సరిపోతుంది. ఎముకున్న ముక్కను మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, ఎముక ఉడికి పెళుసవుతుంది.

రెండో కారణం అలవాటు. చిన్నప్పటి నుంచి డ్రై ఫుడ్ మీదే పెరిగిన పిల్లి పచ్చి ముక్కను తిండిగానే గుర్తించదు. పాత తిండిలో మొదటి రోజు ఒక చెంచా సన్నగా తరిగిన మాంసం కలిపి, పది రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఆకలైతే అదే తింటుందిలే అని పస్తు పెట్టే పద్ధతి పిల్లి విషయంలో ప్రమాదకరం: రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లిలో, ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే పాత తిండి పెట్టేయాలి.

విరేచనాలు పట్టుకున్నాయి

ముందుగా కవర్లో ఏముందో చూడాలి. అందులో సగం కార్జమే ఉంటే మలం నల్లగా, జిగటగా, పలచగా పడుతుంది. తోలూ కొవ్వూ ఎక్కువైతే నూనె మెరుపుతో పడుతుంది. తిండిని ఒక్కసారిగా మార్చినా ఇదే జరుగుతుంది. మాంసం తిన్నాక పైన పాలు పోసే ఇళ్లు కూడా ఉన్నాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు కాబట్టి నింద మాంసం మీద పడుతుంది గాని తప్పు పాలది. వీధిలో తిరిగే పిల్లి అయితే నులిపురుగులను కూడా అనుమానించాలి. డాక్టరును అడిగి మూడు నెలలకోసారి మందు వేయించడం మంచిది.

కార్జాన్ని తగ్గించి, తోలు తీసేసి, రెండు మూడు రోజులు ఉడికించిన మెత్తని మాంసం పెడితే మామూలు విరేచనాలు కట్టుకుంటాయి. మలంలో రక్తం, జిగురు కనిపించినా, ఒళ్లు వేడిగా ఉన్నా, వాంతులు తోడైనా అది సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవుల పని కావచ్చు కాబట్టి ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చిన్న పిల్లి పిల్లలు ఒక్క పూటలోనే నీరసించిపోతాయి, వాటి విషయంలో తెల్లారేదాకా ఆగకూడదు.

మలం రావడం లేదు, వచ్చినా సున్నపు ముక్కలా ఉంది

తెల్లగా, ఎండిపోయి, చేతితో నలిపితే పొడి రాలే మలం పడుతోందంటే ఎముక ఎక్కువైందని అర్థం. మెడలు చవకగా దొరుకుతాయని పూర్తిగా వాటి మీదే నడిపే ఇళ్లలో ఇది కనిపిస్తుంది. మెడలను తగ్గించి కండ కలపాలి. మొత్తం తిండిలో ఎముక పదో వంతుకు మించనవసరం లేదు. ఏ ఎముకయినా పచ్చిగానే పెట్టాలి, కూరలోంచి తీసిన ఎముక విరిగితే సూదిలా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. కూర ముక్కను కడిగి పెట్టడం కూడా సరికాదు, ఉల్లిపాయా వెల్లుల్లీ పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎముక అసలే లేని తిండి తిన్న పిల్లి పిల్ల కూడా మలం కోసం ముక్కుతుంది, కాని దానికి కారణం పూర్తిగా వేరు.

ఎదిగే పిల్ల కుంటుతోంది, ఎత్తుకుంటే అరుస్తోంది

ఇది మా ఇంట్లో జరిగింది. మూడు నెలల వయసులో వచ్చిన బూడిదరంగు పిల్లకు, ప్రేమకొద్దీ, ఆరు వారాలపాటు బోన్‌లెస్ చికెన్ తప్ప ఇంకేమీ పెట్టలేదు. అది నున్నగా, బరువుగా కనిపించేది కాబట్టి అంతా బాగుందనే అనుకున్నాం. ఒక రోజు కిటికీ గట్టు మీదికి ఎగరబోయి ఆగిపోయింది. తరువాత వెనక కాలు నేలకు ఆనించకుండా నడిచింది. నడుము కింద చేయి వేసి ఎత్తితే కరవబోయింది. ఎక్స్‌రే తీస్తే, తెల్లగా మెరవాల్సిన తొడ ఎముక చుట్టూ ఉన్న కండకంటే కొద్దిగానే తెల్లగా ఉంది, దాని మీద సన్నని విరుగు గీత కూడా ఉంది. ఎక్కడి నుంచీ పడకుండానే ఎముక విరిగింది.

100 గ్రాముల కోడి కండలో ఫాస్ఫరస్ సుమారు 180 నుంచి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే కాల్షియం 10 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. పిల్లికి ఈ రెండూ దాదాపు సమానంగా, కాల్షియం ఒక పిసరు ఎక్కువగా అందాలి. అందనప్పుడు రక్తంలో కాల్షియం పడిపోకుండా ఉండటానికి పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి దాన్ని లాగుతుంది. అలా మెత్తబడిన కటి ఎముకలు వంగి దారి ఇరుకైతే మలం కదలదు. పైన చెప్పిన చిక్కు ఇదే. ఇలాంటి పిల్లకు మలబద్ధకమని ఎముక తగ్గిస్తే రోగం ముదురుతుంది.

చికిత్స చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం: వెంటనే పిల్లల కోసం తయారైన సంపూర్ణ క్యాట్ ఫుడ్‌కు మార్చి, ఎగరడానికి వీల్లేని చిన్న బోనులో కొన్ని వారాలు ఉంచాలి. మా పిల్ల కోలుకుంది, కాని వెనక నడక ఇప్పటికీ కొంచెం వంకరే. ఏడాది నిండని పిల్లలకు, కడుపుతో ఉన్న పిల్లులకు ఇంట్లో కలిపిన మాంసం ప్రధాన ఆహారం కాకూడదని అప్పుడు నిశ్చయించుకున్నాను.

ఎదిగిన పిల్లికి కాల్షియం గుడ్డు పెంకులతోనే సమకూరుతుంది. ఇంట్లో వాడేసిన పెంకులను కడిగి, పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి, మిక్సీలో పిండిలా పట్టాలి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. కిలో ఎముకలేని మాంసానికి 5 గ్రాములు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, కలిపితే సరిపోతుంది. మెడలు తగినన్ని పెడుతున్నవాళ్లు దీన్ని కలపకూడదు.

చీకట్లో వస్తువులకు తగులుతోంది, కొద్దిగా ఆడినా ఆయాసపడుతోంది

టారిన్ లోపం ఇలా బయటపడుతుంది, అదీ నెలల తరువాత. పిల్లి శరీరం టారిన్‌ను చాలినంత తయారుచేసుకోలేదు. అది లేకపోతే కంటి వెనక పొర దెబ్బతింటుందని 1975లోను, గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లోను పరిశోధకులు నిరూపించిన తరువాతే కంపెనీలు క్యాట్ ఫుడ్‌లో దీన్ని సరిపడా కలపడం మొదలైంది. గుండె జబ్బును తొలిదశలో పట్టుకుంటే టారిన్ ఇచ్చి చాలావరకు మళ్లించవచ్చు, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

ఇక్కడ చవక ముక్కే మంచిది కావడం విశేషం: ఖరీదైన బ్రెస్ట్ కంటే తొడలో, తొడ కంటే గుండెకాయలో టారిన్ ఎక్కువ. కీమా కొట్టినా, ఎక్కువకాలం ఫ్రీజర్‌లో ఉంచినా, ఉడికించిన నీళ్లు పారబోసినా అది తగ్గిపోతుంది. అందువల్ల కిలోకు 2 గ్రాముల టారిన్ పొడి విడిగా కలపాలి. వ్యాయామం చేసేవాళ్లకు అమ్మే, ఇంకేమీ కలపని టారిన్ పొడి దీనికి పనికొస్తుంది; ఒక్క డబ్బా ఒక పిల్లికి చాలా నెలలు వస్తుంది.

మెడ వంచేస్తోంది, లేదా మెడ తిప్పలేకపోతోంది

రెండూ మెడకు సంబంధించినవే అయినా కారణాలు వేరు. గడ్డం ఛాతీకి ఆనేలా తల వాలిపోయి, తూలుతూ, కనుపాపలు పెద్దవై ఉంటే థయామిన్, అంటే బి1 విటమిన్, లోపాన్ని అనుమానించాలి. తీరప్రాంతంలో కవళ్లు (సార్డిన్ చేపలు) చవక. వాటిని రోజూ పచ్చిగా పెడితే వాటిలోని థయామినేజ్ అనే ఎంజైము ఆ విటమిన్‌ను విరగ్గొట్టేస్తుంది. చేపను ఉడికిస్తే ఎంజైము నశిస్తుంది కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు, ఉడికించే పెట్టాలి. ఈ లక్షణాలు కనిపిస్తే ఇంజెక్షన్ అదే రోజు పడాలి, ఫిట్స్ దాకా పోనివ్వకూడదు.

మెడ బిగుసుకుపోయి, వీపు నాకి శుభ్రం చేసుకోలేక జుట్టు అట్టలు కడుతోందంటే, అది నెలల తరబడి కార్జం మీద బతికిన పిల్లి కావచ్చు. విటమిన్ ఎ పేరుకుపోయి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కార్జం మానేస్తే ముదరడం ఆగుతుంది గాని అతుక్కున్నవి విడిపోవు. కిలోకు 50 గ్రాముల కార్జమే హద్దు.

ఉన్నట్టుండి జ్వరం, తూలడం, ఊపిరాడకపోవడం

ఇది బడ్జెట్‌కు సంబంధించిన సంగతి కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. అదే ఏడాది మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో ఆ వైరస్ కనిపించింది. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప దానితో చనిపోయింది, పాప పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అప్పట్లో వార్తలు వచ్చాయి. అమెరికాలో 2024 డిసెంబరులో కంపెనీ తయారుచేసిన గడ్డకట్టిన పచ్చి ఆహారం తిన్న పిల్లి కూడా ఈ వైరస్‌తోనే చనిపోయింది, అంటే ఫ్రీజర్ దీన్ని చంపదు. పిల్లులకు ఇది సోకితే చాలావరకు బతకవు.

చుట్టుపక్కల జిల్లాల్లో కోళ్లు చనిపోతున్నాయని వినగానే పచ్చి కోడిమాంసం, పచ్చి గుడ్డు పూర్తిగా ఆపేయాలి. నిజానికి నేను ఆ ఫిబ్రవరి నుంచి ఉడికించే పెడుతున్నాను, తిరిగి పచ్చికి వెళ్లే ఉద్దేశం లేదు. ఎముక తీసిన ముక్కలను కొద్ది నీళ్లలో, లోపలి గులాబీ రంగు పూర్తిగా పోయేదాకా ఉడికించి, ఆ నీళ్లతో సహా కలిపి, చల్లారాక పెంకు పొడి, టారిన్ వేస్తే పచ్చి మాంసంతో వచ్చే మేలులో పోయేది చాలా తక్కువ.

ఒక కిలోకు లెక్క

కోడి తొడ కండ 700 గ్రాములు, గుండెకాయలు 150, కందనకాయలు 100, కార్జం 50. దీనికి 5 గ్రాముల పెంకు పొడి, 2 గ్రాముల టారిన్, ఉడికించిన రెండు గుడ్ల పచ్చసొనలు. కోడి గుండెకాయలు అన్ని రోజులూ విడిగా దొరకవు. ఆదివారం మధ్యాహ్నం దాటాక షాపుకు వెళ్లి అడిగితే దొరికే అవకాశం ఎక్కువ, లేదంటే మేక గుండె వాడవచ్చు. మూడున్నర కిలోల పిల్లి రోజుకు 105 నుంచి 140 గ్రాములు తింటుంది కాబట్టి ఇది వారానికి కాస్త పైగా వస్తుంది.

ఇంత చేసినా ఇందులో అయోడిన్, విటమిన్ ఇ, మాంగనీస్ వంటివి చాలవు. వాటన్నిటికీ విడివిడిగా డబ్బాలు కొనేకంటే, ప్యాకెట్ మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉన్న మామూలు క్యాట్ ఫుడ్ ఒక పూట, ఈ మాంసం ఒక పూట పెట్టడమే చవకైన దారి. 'కాంప్లిమెంటరీ' (అంటే పూరక ఆహారం మాత్రమే) అని ఉన్న ప్యాకెట్ ఆ పని చేయదు. కిడ్నీ జబ్బున్న పిల్లికి ఈ లెక్క వర్తించదు, ఇందులో ఫాస్ఫరస్ ఎక్కువ.

ఫ్రీజర్‌లో ఉంచినా వాసన వస్తోంది

వేసవిలో కరెంటు పోయి, మాంసం కరిగి, మళ్లీ గడ్డకట్టడమే దీనికి కారణం. ఫ్రీజర్‌లో ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఉంచితే సంగతి తెలుస్తుంది: ఊరి నుంచి వచ్చేసరికి బిళ్ల అడుగుకు దిగి ఉంటే ఆ మాంసాన్ని పారేయాలి. మేక మాంసంలోని టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి చావాలంటే మైనస్ 12 డిగ్రీల కంటే చల్లగా కొన్ని రోజులు ఉండాలి. ఐస్‌క్రీం గట్టిగా నిలవని పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌కు అంత శక్తి ఉండదు. ఇది గర్భంలోని బిడ్డకు ప్రమాదం కాబట్టి ఇంట్లో గర్భిణి ఉంటే లిట్టర్ (పిల్లి మలమూత్రాల ఇసుక) ఆమె ముట్టుకోకుండా వేరొకరు రోజూ తీసేయాలి, ఆ పరాన్నజీవి గుడ్లు మలంలో పడిన ఒక రోజు తరువాతే అంటుకునే స్థితికి వస్తాయి. ఒక్కో రోజుకు సరిపడా పొట్లాలు కట్టి, కింది అరలో కరగనిచ్చి, గిన్నెలో అరగంటకు మించి మిగిలినదాన్ని తీసేయాలి. పిల్లి మాంసం తరిగే చెక్క, కత్తి వంటింటి కూరగాయల దగ్గరికి రాకూడదు.