రాత్రివేళ పెరట్లో తెలియని జంతువు కనిపిస్తే

పెరటి దీపపు వెలుగులో ఒక్క క్షణం కనిపించి చీకట్లో కలిసిపోయిన జంతువు ఏదో తెలుసుకోవాలన్న ఆత్రం ఎవరికైనా కలుగుతుంది. ఆ ఆత్రంలో మనం చేసే మొదటి పొరపాటు, దానికి వెంటనే ఒక పేరు పెట్టేయడం. "చిరుతపులి" అన్న మాట నోటి నుంచి వచ్చాక లేని మచ్చలు జ్ఞాపకం వస్తాయి, తోక పొడుగవుతుంది. కాబట్టి పేరు సంగతి తెల్లవారాక చూసుకోవచ్చు. ముందు పిల్లల్నీ పెంపుడు కుక్కనూ లోపలికి తెచ్చి, తలుపు మూసి, కిటికీలోంచి చూసినది చూసినట్టు రాసిపెట్టుకోవాలి.

ఫోటో కోసం ఫోను పట్టుకుని కిందికి దిగడం ఎంతమాత్రం తగదు. అది వచ్చిన దారికి అడ్డు నిలబడకుండా, నలుగురూ చేరి మూలకు తరమకుండా ఉంటే, దాదాపు ప్రతిసారీ తనంతట తానే వెళ్లిపోతుంది. ఒకవేళ మీరు బయట ఉండగానే పెద్ద జంతువు ఎదురైతే పరుగెత్తకూడదు, వంగకూడదు. ముఖం దానివైపే ఉంచి మెల్లగా వెనక్కి అడుగులు వేయాలి.

గమనించవలసిన వాటిలో రంగుకు నేను చివరి స్థానమే ఇస్తాను, ఎందుకంటే దీపం కింద బూడిద రంగు గోధుమ రంగులా కనిపిస్తుంది. మెరిసే కళ్లనూ నమ్మలేం. కంటి లోపలి పొర వెలుగును తిప్పికొట్టడం వల్ల వచ్చే ఆ మెరుపు, చూసే కోణాన్ని బట్టి రంగు మారుతుంది. తోక, నడక, ఎత్తు మాత్రం అంతగా మోసం చేయవు. అది గోడ పక్కన నిలబడినప్పుడు వీపు ఎన్నో ఇటుక వరుస దాకా వచ్చిందో గుర్తుంచుకుంటే, మర్నాడు కొలిచి చూడవచ్చు. శరీరమంత పొడవైన తోకతో, పొట్టి కాళ్లతో గోడ మీదుగా చెట్టెక్కినది మానుపిల్లి కావచ్చు. పొడవు కాళ్లు, నల్లటి పట్టీలున్న పొట్టి తోక ఉంటే అది అడవిపిల్లి అయ్యే అవకాశం ఎక్కువ. గలగలమన్న చప్పుడుతో ముళ్లు నిక్కబొడుచుకుని వెనక్కి తిరిగితే అది ఏదుపంది. అది ముళ్లను విసరలేదు గాని, వెనక్కి దూసుకొచ్చి గుచ్చగలదు.

అసలైన సాక్ష్యం తెల్లవారాక తడి మట్టిలో దొరుకుతుంది. పిల్లిజాతి జంతువు నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది కనుక, దాని ముద్ర గుండ్రంగా, నాలుగు వేళ్లతో, గోళ్ల గుర్తు లేకుండా ఉంటుంది. కుక్క, నక్కల ముద్రలు కోలగా, వేళ్ల ముందు గోటి గాట్లతో కనిపిస్తాయి. పేరులో పిల్లి ఉన్నా పిల్లిజాతి కాని మానుపిల్లికి ఐదు వేళ్లు పడతాయి. ముద్ర పక్కన స్కేలు పెట్టి నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. మెత్తటి బురదలో అంచులు విప్పారి ముద్ర పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి, అడుగున ఉన్న చదునైన భాగాన్నే కొలవాలి. పెంపుడు పిల్లి ముద్ర వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు ఉంటుంది. గోళ్ల గుర్తు లేకుండా 7 సెంటీమీటర్లు దాటితే ఇక ఊహాగానాలు మాని, ఆ ఫోటోను అటవీ శాఖకు చూపించాలి.

పొదలో మచ్చల పిల్లలు కనిపిస్తే, దయచేసి ఎత్తి ఇంట్లోకి తేవద్దు. తల్లి వేటకు వెళ్లి ఉండవచ్చు, మనుషుల అలికిడి తగ్గితే తిరిగి వస్తుంది. మనం జాలితో ఎత్తుకొచ్చిన పిల్ల తల్లికి దూరమైపోతుంది.

కరిచినా, గీరినా మాత్రం అది ఏ జంతువో తేలేదాకా ఆగకూడదు. ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలపాటు గాయాన్ని కడిగి, పసర్లూ పొడులూ ఏవీ పూయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం, లక్షణాలకు ముందే వేసే టీకా మాత్రం కాపాడుతుంది.

అదే జంతువు వరుసగా మూడు నాలుగు రాత్రులు వస్తూ ఉంటే, కారణం పెరట్లోనే ఉందని అర్థం. రాలిన పండ్లు, కుక్కకు పెట్టి వదిలేసిన తిండి, మూత లేని చెత్తబుట్ట, సరిగా బిగించని కోళ్లగూడు తలుపు, వీటిని పొద్దు గుంకేలోపు చూసుకోండి.