బాత్‌టబ్ ఓవర్‌ఫ్లో మూత స్క్రూ విరిగితే: పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

టబ్ నిండి పొర్లకుండా అదనపు నీటిని లాగేసే రంధ్రంపై ఉండే లోహపు మూత స్క్రూలు తేమకు తుప్పు పట్టి, విప్పబోతే తల తెగిపోవడం అమెరికాలోని పాత ఇళ్లలో సాధారణమే. అద్దె ఇల్లయితే ముందుగా యజమానికి తెలియజేయండి.

టబ్‌ను పొడిగా తుడిచి, ముక్కలు జారిపోకుండా కింది డ్రెయిన్‌ను గుడ్డతో మూసి, గీతలు పడకుండా మందపాటి దుప్పటి పరవండి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. చాలా టబ్‌లలో గోడ వెనుక ఉన్న పైపు ఎల్బోను (వంపు ముక్కను), రబ్బరు వాషర్‌ను టబ్‌కు అదిమి పట్టి ఉంచేది ఈ స్క్రూలే కనుక, మిగిలిన ముక్కను లోపలికి నెట్టకూడదు, సుత్తితో కొట్టకూడదు. ఎల్బో పక్కకు జరిగితే నీరు గోడలోకి కారుతున్న సంగతి కింది అంతస్తు సీలింగ్ తడిసేదాకా తెలియకపోవచ్చు. తుప్పు వదిలించే నూనె వేసి, కొన్ని గంటలు ఆగి, బయటికి కనిపించే కొనను లాకింగ్ ప్లయర్‌తో (బిగించాక పట్టు వదలని పటకారుతో) పట్టుకుని ఎడమవైపుకు కొద్దికొద్దిగా తిప్పడమే నా దృష్టిలో మేలు. డ్రిల్ చేస్తే స్క్రూ బిగుసుకునే లోపలి ఇత్తడి గాడులు పాడయ్యే ప్రమాదముంది కాబట్టి, పట్టు అసలు దొరకనప్పుడే ఆ దారి పట్టండి.

మూతకు డ్రెయిన్‌ను తెరిచి మూసే లివర్ ఉంటే, దానికి తగిలించిన కడ్డీతో సహా నెమ్మదిగా బయటికి తీయాలి. పాత కొలతకు సరిపోయే స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూను, కొత్త వాషర్‌ను ముందే తెచ్చి పెట్టుకోండి.