పైన, లోపల, పక్కన: శరీర దిక్కుల పదాల్లో వచ్చే తప్పులు, వాటి పరిష్కారాలు

సమస్య: ముంజేతిలో ఏది మీడియల్ (శరీరం నడిమి గీతకు దగ్గర), ఏది లాటరల్ (నడిమి గీతకు దూరం) అన్నది ప్రతిసారీ తారుమారవుతోంది.

కారణం: చేతిని బల్ల మీద బోర్లా పెట్టి చూస్తున్నారు. అరచేయి కిందికి తిరగగానే రేడియస్ (బొటనవేలి వైపు ముంజేతి ఎముక) దిగువ కొస అల్నా (చిటికెనవేలి వైపు ఎముక) మీదుగా దాటి శరీరం వైపుకు వచ్చేస్తుంది. కళ్లు చెప్పేది నిజమే, పదం మాత్రం తప్పు.

పరిష్కారం: లేచి నిలబడండి. ముఖం, పాదాలు ముందుకు, చేతులు పక్కలకు వేలాడుతూ, అరచేతులు ముందుకు, బొటనవేళ్లు బయటికి. దిక్కుల పదాలన్నీ ఈ భంగిమకే చెల్లుతాయి. ఇప్పుడు రేడియస్ బయటి పక్కన, అంటే లాటరల్. మనిషి బోర్లా పడుకున్నా వెన్ను పోస్టీరియరే (వెనకవైపే). కుడి, ఎడమలు కూడా రోగివే, మీవి కావు. సీటీ స్కాన్‌లో అడ్డుకోతను పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు చూపిస్తారు కాబట్టి కాలేయం తెరకు ఎడమవైపు కనిపిస్తుంది.

సమస్య: మీడియల్ అనాల్సిన చోట డీప్ (చర్మం నుంచి లోతున), సూపర్ఫిషియల్ (చర్మానికి దగ్గర) అనాల్సిన చోట లాటరల్ పడుతోంది.

కారణం మన మాటల్లోనే ఉంది. ‘లోపల’ అన్న ఒక్క మాట మీడియల్‌కూ డీప్‌కూ సరిపోతుంది. ‘బయట’ లాటరల్‌కూ సూపర్ఫిషియల్‌కూ వస్తుంది. ‘పైన’ సంగతి ఇంకా ఘోరం: తలవైపు అన్నా పైనే, చర్మం వైపు అన్నా పైనే.

పరిష్కారం: పదం రాసేముందు కొలత ఎక్కడి నుంచో అడగండి. నడిమి గీత నుంచా, చర్మం నుంచా? గుండె ఊపిరితిత్తులకు మీడియల్, ఇది గీత లెక్క. పక్కటెముకలు ఊపిరితిత్తులకు సూపర్ఫిషియల్, ఇది చర్మం లెక్క. చేతులు, కాళ్లలో ‘పైన’ను పక్కన పెట్టి, మొండేనికి అతుక్కునే చోటు నుంచి కొలవండి. మోచేయి మణికట్టుకు ప్రాక్సిమల్ (ఆ చోటుకు దగ్గర), భుజానికి డిస్టల్ (దూరం). దేనితో పోలుస్తున్నారో చెప్పకుండా ‘మోచేయి ప్రాక్సిమల్’ అని వదిలేస్తే ఆ వాక్యానికి అర్థమే లేదు.

సమస్య: ‘ఆర్మ్’, ‘లెగ్’ అని చదివి మొత్తం చెయ్యి, మొత్తం కాలు అనుకోవడం.

అనాటమీలో ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేయి దాకానే, లెగ్ అంటే మోకాలి నుంచి చీలమండ దాకానే. దండచేయి, ముంజేయి, తొడ అని తెలుగు ఈ భాగాలను చక్కగా విడదీస్తుంది, వాటినే వాడుకోండి. పాదం డోర్సల్ వైపు ఏదో గుర్తుండకపోతే మీగాలు అనుకోండి, అరికాలు ప్లాంటార్.

సమస్య: కోత చిత్రం చూసి ఏ తలమో (ఏ దిశలో కోశారో) చెప్పలేకపోవడం.

కారణం: పేర్లు వల్లెవేశారు, కోసి చూడలేదు. మైనపు బొమ్మ చేసి, దారంతో మూడు రకాలుగా కోయండి. ముఖం ఒక ముక్కలో, వీపు ఒక ముక్కలో పడితే కరోనల్. రెండు ముక్కల్లోనూ ముందు, వెనక రెండూ ఉండి కుడి, ఎడమలు విడిపోతే సాజిటల్. తల, కాళ్లు విడిపోతే ట్రాన్స్‌వర్స్. ఆ తర్వాత చిత్రాలకు రండి: మామూలు శరీరంలో రెండు మూత్రపిండాలూ ఒకే కోతలో కనిపిస్తే అది సాజిటల్ కాదు.

కదలికల పేర్లు రాసేటప్పుడు బొటనవేలి దగ్గర మాత్రం జాగ్రత్త. అది మిగతా వేళ్లకు దాదాపు లంబకోణంలో తిరిగి ఉంటుంది కాబట్టి, అరచేతికి అడ్డంగా వంగితే ఫ్లెక్షన్ (ముడుచుకోవడం), అరచేతి నుంచి ముందుకు లేస్తే అబ్డక్షన్ (దూరం జరగడం).

సమస్య: పొట్ట గడుల పేర్లు కలగాపులగం.

కారణం: 4 గడుల పద్ధతినీ 9 గడుల పద్ధతినీ కలిపి రాయడం. 4 గడులకు బొడ్డు మీదుగా ఒక నిలువు, ఒక అడ్డం చాలు. 9 గడులకు రెండు కాలర్ ఎముకల మధ్య బిందువుల నుంచి రెండు నిలువు గీతలు, 10వ పక్కటెముక మృదులాస్థి కింద ఒక అడ్డగీత, తుంటి ఎముక అంచుమీది బుడిపెల దగ్గర ఇంకొకటి గీయాలి. అపెండిక్స్ నొప్పిని పట్టే మెక్‌బర్నీ బిందువు, కుడి తుంటి ముందు మొన నుంచి బొడ్డు దాకా గీసిన గీతలో మొన నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది. అదే చోటు 4 గడుల్లో కుడి దిగువ భాగం, 9 గడుల్లో కుడి ఇలియాక్.

తెలుగులో నోట్సు రాసేవారికి ఇంకో చిక్కు: తుంటి ఎముక ఇలియం, చిన్నపేగు చివరి భాగం కూడా ఇలియమే, అక్షరం తేడా లేదు. ‘ఎముక’, ‘పేగు’ అని ముందు తగిలించి రాయండి.